సి డ్రైవ్‌లో ఏది చెత్త, ఏది కాదు

మంగళవారం, నల్లగొండ

క్లాక్ టవర్ దగ్గరి ఆన్‌లైన్ దుకాణంలో పొద్దుటి నుంచి కులం, ఆదాయం సర్టిఫికెట్ల వాళ్లే. సి డ్రైవ్ శుభ్రం చేద్దామంటే మధ్యాహ్నం తెరిపిచ్చాక గానీ కంప్యూటర్ చేతికి రాలేదు. 128 జీబీ ఎస్సెస్‌డీ. సి డ్రైవ్ గీత ఎర్రబడి ఉంది, అంటే పదో వంతు ఖాళీ కూడా లేదు.

దుకాణం తమ్ముడు అప్పటికే విండోస్ ఫోల్డర్‌లో దాగి ఉండే ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌ను తెరిచి పెట్టాడు.

"అన్నా, అన్నీ పాత సెటప్‌లే ఉన్నయి. కొట్టేయాల్నా?"

"వద్దు తమ్మీ, దాన్ని ముట్టకు."

అందులోని ఎంఎస్ఐ (సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్యాకేజీ), ఎంఎస్‌పీ (దాని అప్‌డేట్ ప్యాచ్) ఫైళ్లు చూడ్డానికి మిగిలిపోయిన సెటప్‌ల లాగే ఉంటాయి, పేర్లు కూడా అర్థంకాని అంకెలూ అక్షరాలూ. కానీ ఎంఎస్ఐతో ఎక్కిన సాఫ్ట్‌వేర్‌ను తీసేయాలన్నా, రిపేర్ చేయాలన్నా, అప్‌డేట్ చేయాలన్నా విండోస్ వెతుక్కునేది వాటినే. చెరిపిన రోజు ఏమీ కాదు. ఎన్నాళ్లకో ఒక అప్‌డేట్ వచ్చి ఫలానా ఎంఎస్ఐ దొరకలేదని ఆగిపోతుంది, అప్పటికి కారణం ఎవరికీ తట్టదు. ప్రోగ్రామ్‌డేటాలోని ప్యాకేజ్ క్యాష్ కూడా అలాంటిదే.

అదే ఎంఎస్ఐ డౌన్‌లోడ్స్‌లో ఉంటే మాత్రం, సాఫ్ట్‌వేర్ ఎక్కాక చాలావరకు దానితో పని లేదు. పేరును కాదు, ఎక్కడుందో చూడాలి. డౌన్‌లోడ్స్‌ను టైప్ వారీగా పేర్చితే సెటప్‌లన్నీ ఒకచోటికి వస్తాయి. సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో ఆ సాఫ్ట్‌వేర్ ఉంటే సెటప్ తీసేయవచ్చు. జాబితాలో లేకుండా నేరుగా నడిచే ఈఎక్స్ఈ అయితే ఆ ఫైలే సాఫ్ట్‌వేర్, ఉంచాలి. వేలిముద్రల మిషన్ డ్రైవర్ సెటప్‌ను డి డ్రైవ్‌లోకి మార్చాం. నెట్ లేని పూట అదే ఆదుకుంటుంది.

డి డ్రైవ్ తెరవగానే ఇన్‌స్టాల్.ఈఎక్స్ఈ, గ్లోబ్‌డేటా.ఐఎన్ఐ, వీసీరెడిస్ట్.బీఎంపీ, వీసీ_రెడ్.ఎంఎస్ఐ, వరుసగా యూలా (లైసెన్స్ షరతుల) ఫైళ్లు. చూసి వైరస్ అని బెదిరిపోతారు చాలామంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు నడవడానికి కావాల్సిన మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 2008 ప్యాకేజీ ఎక్కేటప్పుడు ఎక్కువ ఖాళీ ఉన్న డ్రైవ్‌లో విప్పుకుని, పనయ్యాక శుభ్రం చేయకుండా వదిలేసినవి అవి. నిశ్చింతగా తీసేయవచ్చు.

తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ జోలికి పోయే ముందు ఒకసారి రీస్టార్ట్ చేయాలి. కొన్ని ఇన్‌స్టలేషన్లు మిగతా పనిని రీస్టార్ట్‌లోనే ముగిస్తాయి, వాటికి కావాల్సినవి టెంప్‌లోనే ఉండొచ్చు. తర్వాత విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య టెంప్ (%temp%) అని కొట్టి, ఎంటర్ నొక్కి, అన్నీ ఎంచి డిలీట్ చేయడమే. వాడుకలో ఉన్నాయని మొరాయించినవాటికి స్కిప్. రీసైకిల్ బిన్ ఖాళీ చేసేదాకా జాగా పెరగదు.

మిగతాది సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ నుంచి. అక్కడ డౌన్‌లోడ్స్ పక్కన టిక్ పడకుండా చూసుకోవాలి, జనం సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లన్నీ అందులోనే ఉన్నాయి. విండోస్ సొంత భాగాలుండే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌లో చేత్తో ఏదీ చెరపకూడదు.

పాత విండోస్ దాచి ఉంచే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను ఇవాళ తీయలేదు. మొన్ననే కొత్త విండోస్‌కు మారారు, అది పోతే పాతదానికి తిరిగి వెళ్లే దారి ఉండదు. ఎటూ పది రోజులకు తనంతట తానే పోతుంది. ఈలోగా ప్రింటరూ, వేలిముద్రల మిషనూ, డిజిటల్ సంతకం టోకెనూ సరిగా నడుస్తున్నాయో లేదో చూసి చెప్పమన్నాను.