పెన్ను చప్పుడు విని తీశాను, చూసి కాదు

నిన్న కొత్త వికలాంగ సర్టిఫికెట్ చేతికొచ్చింది, చూపు లోపం 100 శాతం అని. పోయినసారి ఇచ్చింది 30. నాకు తెలిసేది వెలుగూ చీకటీ తేడా ఒక్కటే. చిన్నప్పటి రేచీకటి, ఇంటర్‌కి వచ్చేసరికి మొత్తం పోయింది.

సచివాలయంలో స్లాట్ తీసుకోవడం, ఆధార్, ఫొటోలు, ఇవన్నీ ఒక్కరోజు పని.

పోయినసారి క్యాంపులో డాక్టర్ గారు "ఏం చేస్తుంటావమ్మా" అన్నారు. గొప్పగా "జూడో ఆడతాను సార్, 57 కిలోల్లో" అన్నాను. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది. "కళ్లు కనపడకుండా కుస్తీ ఎలా పడతావ్?" అన్నారు. నేనూ పిచ్చిదానిలా వివరంగా చెప్పాను: మా ఆటలో ఇద్దరం ఒకరి డ్రెస్ ఒకరు పట్టుకున్నాకే రెఫరీ "హజిమే" (మొదలెట్టండి) అంటాడు, పట్టు పూర్తిగా వదిలిపోతే ఆపి మళ్లీ మధ్యలో నిలబెడతాడు, అవతలి మనిషి బరువు ఏ కాలి మీదకి పోతోందో మన చేతికే తెలిసిపోతుంది సార్, అని. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో కపిల్ పర్మార్ కాంస్యం తెచ్చాడని, పారాలింపిక్స్ జూడోలో మన దేశానికి అదే మొదటి పతకమని కూడా చెప్పాను. ఆయన విన్నట్టు లేదు.

ఇంతలో టేబుల్ మీంచి పెన్ను కింద పడింది. పడలేదు, పడేశారు. టైల్స్ మీద దొర్లి ఎక్కడ ఆగిందో వినపడింది కదా, అలవాటుగా వంగి తీసిచ్చాను. "చూశావా సిస్టర్, చూశావా! ఆరు వేల పింఛను కోసం ఎన్ని నాటకాలో" అని నవ్వారు. బయట లైన్లో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి వణుకుతోంది. మా కోచ్‌నే రెండుసార్లు ఇప్పోన్‌తో, అంటే ఒక్క దెబ్బకి ఆట ముగిసేలా, పడేసినదాన్ని, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. అప్పుడు తడుముకుంటూ కుర్చీకి గుద్దుకుని పడి ఉంటే నమ్మేవాళ్లేమో! గుడ్డివాళ్లంటే పడిపోవాలి మరి.

మీరు వెళ్లేటట్టయితే ముందే పెద్దాసుపత్రిలో ఈఆర్‌జీ, వీఈపీ పరీక్షలు చేయించుకుని ఆ కాగితాలు పట్టుకెళ్లండి. కంటి వెనక పొర (రెటీనా), మెదడు వెలుతురుకి స్పందిస్తున్నాయో లేదో మెషినే గీసి చూపిస్తుంది, అందులో నటించడం దాదాపు కుదరదు. నా ఈఆర్‌జీలో గీత చదునుగా వచ్చింది. అప్పీల్‌లో రెండో డాక్టరమ్మ అది చూసి ఇంకో మాట అడగలేదు. ఇంకో సంగతి, ఆటల గురించి అడిగితే తప్ప చెప్పకండి. (ఇలా చెప్పాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది.)

పోటీల దగ్గర క్లాసిఫికేషన్ (చూపుని బట్టి గ్రూపు తేల్చడం) దీనిముందు పండగే. కార్డులు చూపించారు, లైటు వేశారు, జె1 అన్నారు. 2022 నుంచి చూపు అసలు లేనివాళ్లకి, దాదాపు లేనట్టే ఉన్నవాళ్లకి జె1, కొంచెం ఉన్నవాళ్లకి జె2 అని విడగొట్టారు. అంతకుముందు అందరూ కలిసే ఆడేవాళ్లు. జె1 వాళ్ల డ్రెస్ చేతుల మీద ఎర్ర గుండ్రాలు ఉండాలి.

ఇవాళ పొద్దున అమ్మ బట్టల కొట్టుకి తీసుకెళ్లింది. రెండు గుడ్డముక్కలు నా చేతిలో పెట్టి "ఏ ఎరుపు బాగుందే?" అని నన్నే అడిగింది. కొట్టాయన బిత్తరపోయినట్టున్నాడు, కాసేపు మాట్లాడలేదు. రెండోది మెత్తగా ఉంది, అదే తీసుకున్నాం.