మా పై పోర్షన్ వాళ్ళు

పెదవాల్తేరులో మా పై పోర్షన్‌కి వచ్చేది ఎక్కువగా ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళే. ఈసారి ఇథియోపియా నుంచి పీహెచ్‌డీకి వచ్చిన ఒకతను, అతని భార్య దిగారు. అడ్వాన్సు తీసుకున్న సాయంత్రమే ఎదురింటి పిన్నిగారు నన్ను గేటు దగ్గర నిలేశారు. "ఆఫ్రికా వాళ్ళకిచ్చేశావటే? తిండికి లేని దేశం కదే అది!"

ఆవిడ బుర్రలో ఉన్నది 1984 నాటి కరువు. వానలు పడకపోవడానికి అంతర్యుద్ధం, సైనిక ప్రభుత్వం తోడై తెచ్చిపెట్టిన కరువది. ఆ ఎముకల పిల్లల బొమ్మలు ఎన్నేళ్ళైనా చెరగవు. మన ధాత కరువప్పుడు, 1876-78లో, మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఇలాంటి ఫొటోలే తీశారు; అవి ఇంగ్లండు దాకా వెళ్ళాయి. చూసిన దొరసానులు మన గురించి అచ్చం పిన్నిగారిలాగే అనుకుని ఉంటారు. అదే ఇథియోపియా 1896లో అడ్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని చిత్తుగా ఓడించిందని చెబితే మాత్రం ఆవిడ "పోవే" అన్నారు.

తమాషా ఏంటంటే, షుగరొచ్చిందని పిన్నిగారు రోజూ పొద్దున్నే తాగేది చోడి అంబలి, అదే రాగి అంబలి. ఆ చోళ్ళు పుట్టిందే ఇథియోపియా, ఉగాండా వైపు ఎత్తు నేలల్లో. వేల ఏళ్ళ కిందట మన దగ్గరికొచ్చాయి. పై పోర్షన్ అమ్మాయి, ఇక్కడ వాళ్ళ చిరుధాన్యం టెఫ్ దొరక్క, రైతుబజారులో చోడిపిండి కొని పులియబెట్టి ఇంజెరా, అంటే వాళ్ళ దోసె, పోసుకుంటోంది.

తర్వాత వాళ్ళ పెద్ద ఉపవాసాలొచ్చాయి. ఈస్టర్‌కి ముందు 55 రోజులు మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ఏవీ ముట్టరు. శనగపిండి పులుసు, ఎర్రపప్పు, అంతే. ఈ సంగతి తెలిసి పిన్నిగారు కరిగిపోయారు. "మన కార్తీకమాసంలా ఉందే! మంచివాళ్ళే పాపం" అంటూ అప్పడాలు కూడా పంపారు.

నాకు అక్కడే చిరాకేసింది. మొన్న ఈసడించిందీ, ఇవాళ మెచ్చుకున్నదీ ఒకే కొలతతో. మనలా ఉన్నంతవరకు మంచివాళ్ళు. మరి లేనిచోట? అతను అక్కడి గురాగే అనే జాతివాళ్ళబ్బాయి. సెప్టెంబరు చివర్లో మస్కల్ పండక్కి వాళ్ళింట్లో కిత్ఫో ఉండాల్సిందే: పచ్చి మాంసాన్ని సన్నగా కొట్టి, కారప్పొడి, మసాలా నెయ్యి కలిపి తింటారు. మెట్లమీద కూర్చుని, ఇంటి బెంగతో అతను ఆ సంగతి చెబుతుంటే పిన్నిగారు నోటికి కొంగడ్డం పెట్టుకుని లేచిపోయారు. నాకూ నోరూరలేదు. ఊరాలని రూలేమీ లేదుగా! వాళ్ళమ్మ నెయ్యిలో ఏమేం వేసి కాస్తుందని అడిగాను. చాలాసేపు చెప్పాడు.

అప్పట్నుంచి, అగ్రిమెంటు అయిపోగానే ఖాళీ చేయించమని పిన్నిగారి పోరు. చేయించను. అద్దె మాత్రం అందరికీ పెంచినట్టే పెంచుతాను.