చినుకు పడకుండానే ఆగిన విమానం

అమెరికా ఎడారి ఊరు ఫీనిక్స్‌లో ఇవాళ ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. నెత్తిమీద ఆకాశం నీలంగానే ఉంది కానీ, తూర్పున కొండల మీద మబ్బులు కాలీఫ్లవర్‌లా ఉబ్బుతుంటే సాయంత్రం ఫ్లైట్ టైముకి వెళ్లదని మధ్యాహ్నమే అనుమానం వచ్చింది.

ఇక్కడ మాన్‌సూన్ సీజన్ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా. మనవైపు లాగా రోజుల తరబడి ముసురు పట్టదు. మెక్సికో వైపు నుంచి తేమ వస్తుంది, ఎండకు కొండలు కాగి కాగి మధ్యాహ్నానికి మబ్బు లేస్తుంది, అది సాయంత్రం ఊరి మీదికి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఒక వీధిలో కుండపోత, పక్క వీధిలో దుమ్ము.

గేటు దగ్గర బోర్డు మీద ఇంకా ఆన్‌టైమ్ అనే ఉంది. కింద మాత్రం సామాన్ల బండ్లు ఎక్కడివక్కడ వదిలేసి పనివాళ్లంతా లోపలికి వెళ్లిపోయారు. దగ్గర్లో పిడుగులు పడుతుంటే వాళ్లని బయట ఉండనివ్వరు. పక్క సీటాయన విసుక్కున్నాడు, చినుకే లేదు కదా, దేనికి ఆపారని.

చినుకు లేకపోవడంలోనే ఉంది అసలు తిప్పలు. అద్దంలోంచి చూస్తే మబ్బు కింద బూడిదరంగు చారలు, నేల దాకా రాకుండా మధ్యలోనే మాయమవుతున్నాయి. కింద గాలి పొడిగా ఉండటంతో వాన దారిలోనే ఆవిరైపోతుంది, దాంతో చుట్టూ ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, దబ్బున కిందికి పడి నేలకు కొట్టుకుని నాలుగువైపులా చిమ్ముతుంది. దీన్నే మైక్రోబర్స్ట్ అంటారు. దిగబోతున్న విమానానికి మొదట ఎదురుగాలి తగిలి వేగం పెరిగినట్టు కనిపిస్తుంది, పైలట్ పవర్ తగ్గిస్తాడు, క్షణాల్లో అదే గాలి వెనకనుంచి కొడుతుంది, వేగం పడిపోతుంది, తేరుకోవడానికి ఎత్తు మిగలదు. 1985 ఆగస్టు 2న డాలస్‌లో డెల్టా 191 విమానం కూలింది ఇలాంటి గాలిలోనే, వందమందికి పైగా పోయారు. ఇలా గాలి ఉన్నట్టుండి దిశ, వేగం మార్చుకోవడాన్ని విండ్‌షియర్ అంటారు, విమానాల్లో దాన్ని ముందే పసిగట్టే రాడార్లు, ఎయిర్‌పోర్టుల దగ్గర దానికోసమే పెట్టిన, గాలి కదలికను కొలిచే డాప్లర్ రాడార్లు ఆ తర్వాత వచ్చినవే. ఇదంతా పక్కాయనకు చెబుదామనుకున్నాను గానీ, విమానం ఎక్కబోయే మనిషికి చెప్పే కబుర్లా ఇవి?

ఆ గాలే ఎడారి మీద పరుచుకుంటే దుమ్మంతా లేచి గోడ కట్టుకుని వస్తుంది, హబూబ్. 2011 జులై 5న ఈ ఊరిని కప్పేసిన గోడ ఎత్తు 5,000 అడుగుల పైమాటే, విమానాలన్నీ ఆపేశారు. ఇవాళ అంత లేదు, రన్‌వే అవతలి కొండ కాసేపు కనపడలేదంతే.

చీకటి పడ్డాక ఎక్కించారు. తీవ్రమైన ఉరుముల మబ్బుకి కనీసం 20 మైళ్ల దూరంలో ఉండమంటారు కాబట్టి చుట్టు తిప్పి తీసుకెళ్లారు, కుదుపులు పెద్దగా లేవు. కనెక్టింగ్ ఫ్లైట్ మాత్రం పోయింది, రేపు పొద్దున్నే ఇంకోదాంట్లో సర్దారు, అదీ మిడిల్ సీటు.