తాతగారి దూలాలు, బావ బోటు

జువ్వలదిన్నెలో మా బావ బోటుకు కేబిన్ తలుపు, చేతిపట్టు కమ్మీలు, రెండు బల్లలు టేకువి. కావలిలో మా తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు దిగిన దూలాలను కోయించి చేయించినవి. అవి బూడిద రంగుకు తిరిగి, వార్నిష్ పెచ్చులు లేచి ఉండటం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ 61 రోజులే అదను. బడికి సెలవులు ఇవ్వగానే వెళ్ళాను.

"గీకి మళ్ళీ పూస్తే సరి" అన్నాడు బావ. అంతకుముందు ఏడాది మేం చేసింది అదే. ఇంట్లో కుర్చీలకు, మంచాలకు వేసే వార్నిష్ తెచ్చి పూశాం. దానికి ఎండను ఆపే గుణం లేదు, పైగా పెళుసు. చెక్క చెమ్మకు ఉబ్బి, ఎండకు కుంచించుకుంటూ ఉంటే ఆ పొర సాగలేక చిట్లింది. చిట్లిన చోట నీరు దిగింది.

ఊళ్ళో పెద్ద వడ్రంగిని పిలిచాను. ఆయన బల్ల అంచున చిత్రికతో ఒక్క పట్టు పట్టాడు. కాగితమంత పొర లేచేసరికి కింద తేనె రంగు చేవ! "కుళ్ళలేదయ్యా, పైపైన ఎండకు మాడింది" అన్నాడు. చెక్క నారను పట్టి ఉంచే జిగురు లాంటి లిగ్నిన్‌ను ఎండ విరగ్గొడితే, దాన్ని వాన, అలల తుంపర కడిగేస్తాయి. మిగిలిన నారే ఆ బూడిద రంగు.

ముందు మంచినీళ్ళతో కడిగాం, ఒకటికి మూడుసార్లు. ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుంటుంది, అది పూత కింద ఉండిపోతే చెక్క ఆరదు. తర్వాత పాత పూత గీకడానికే నాలుగు రోజులు పట్టింది. ఇనుప మరల చుట్టూ నల్లమచ్చలు మాత్రం గీకితే పోలేదు. లీటరు వేడినీళ్ళకు సుమారు 100 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి రాస్తే కళ్ళముందే తేలిపోయాయి. అది విషం. చేతొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లలను దరిదాపులకు రానివ్వద్దు. రాశాక మళ్ళీ బాగా కడిగి రెండు రోజులు ఆరబెట్టాం. ఇనుప మరలు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి బిగించాం. వాటి తలలపై వడ్రంగి చిన్న టేకు బిరడాలు కొట్టాడు. ఒక్కో బిరడా గీతలు చెక్క గీతలతో కలిసేదాకా తిప్పి తిప్పి చూశాడు. ఆ పనితనం ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది.

ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180 దాకా, ఎప్పుడూ గీతల వెంబడే. టేకు పొడి గొంతులో మంట పుట్టిస్తుంది, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. పూతకు ముందు థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిస్తే గుడ్డ పసుపుగా మారింది. ఆ నూనె మళ్ళీ పైకి తేలకముందే మొదటి పూత పడాలి. ఈసారి ఎండను ఆపే మెరైన్ వార్నిష్ తెచ్చాం. మొదటి పూతకు సగానికి సగం థిన్నర్ కలిపితే చెక్కలోకి ఇంకింది. రెండోదానికి పావు వంతు, ఆపై చిక్కగానే. మొత్తం ఆరు, రోజుకొకటి, మధ్యలో 320 కాగితంతో తేలిగ్గా రుద్దుతూ.

వేళ కుదరడమే గగనం. రోళ్ళు పగిలే ఎండలో పూస్తే బుడగలు లేస్తాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఇసుక తెచ్చి తడి పూత మీద చల్లుతుంది. రాత్రి చెమ్మ ఉండనే ఉంది. అందుకే టార్పాలిన్ పందిరి కింద, పొద్దున చెమ్మ ఆరాక గాలి లేవకముందు దొరికే రెండు మూడు గంటల్లోనే కుంచె పట్టేవాళ్ళం. వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకుండా విడివిడిగా ఆరేశాం. కుప్పగా ఉంటే వేడెక్కి వాటంతట అవే అంటుకోగలవు.

కాళ్ళు మోపే బల్లలకు మాత్రం పూత వద్దన్నాను. తడిస్తే వార్నిష్ జారుతుంది. కడిగి శుభ్రం చేసి వదిలేశాం. అవి మళ్ళీ బూడిద రంగుకు తిరిగినా నాకు బెంగ లేదు, లోపల చేవ పదిలం.

నిషేధం ముగిశాక బావ తొలి వేటకు వెళ్ళొచ్చిన రోజు నేను గట్టు మీదే ఉన్నాను. చేపల గంపలు దించగానే ఆయన బిందెడు మంచినీళ్ళు తెచ్చి తలుపు మీద పోశాడు.