గీత ఎవరు పెట్టారు?

"ఎంసీఏ చదివింది అమెరికాలో సీడీలు తుడవడానికా అమ్మాయీ?" అని గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమామయ్య అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు అడిగారు. ఆయనకు ఎదురు చెప్పే అలవాటు మా ఇళ్లలో ఎవరికీ లేదు. మజ్జిగ పోసుకుని ఊరుకున్నాను. ఆ జవాబేదో ఇక్కడ చెప్పుకుంటాను.

నేను చేసేది తుడవడం కాదు, సానపట్టడం. భర్త ఉద్యోగ వీసాతో పాటు వచ్చే హెచ్4 వీసా మీద వెళ్లిన మాలాంటి వాళ్లలో కొందరికి 2015 నుంచి ఉద్యోగ అనుమతి ఇస్తున్నారు. దాని పుణ్యమా అని మేముండే ఊరి పబ్లిక్ లైబ్రరీలో చేరాను. పుస్తకాలతో పాటు సినిమా డిస్కులూ ఇంటికిస్తారు. గీతలు పడి తిరిగొచ్చినవన్నీ నా బల్ల మీదికి చేరతాయి.

డిస్కు మందం 1.2 మిల్లీమీటర్లు, దాదాపు అంతా పాలికార్బొనేట్ ప్లాస్టిక్కే. లేజర్ కింది నుంచి ఆ ప్లాస్టిక్ గుండా వెళ్లి చదువుతుంది. అడుగున పడ్డ గీత వల్ల సమాచారం చెరిగిపోదు. గీతలు పడ్డ కళ్లద్దాలతో పేపరు చదివినట్టు, లేజర్‌కు చూపు ఆనదు, అంతే. సానపట్టే మిషన్ నీళ్లు పోస్తూ ఆ ప్లాస్టిక్‌ను సన్నగా అరగదీసి, పాలిష్‌తో నునుపు చేస్తుంది. నీళ్లు లేకపోతే రాపిడి వేడికి ప్లాస్టిక్కే పాడవుతుంది. ఎంత అరగదీయాలో మాత్రం గీత లోతు చూసి నేనే తేల్చుకోవాలి. సీడీకి పేరు అచ్చు వేసిన వైపు లోతుగా గీసుకుపోతే ఇక దండం పెట్టడమే. సమాచారం ఉన్నది అక్కడే, పల్చని పూత కింద. డీవీడీలో అది రెండు పలకల నడుమ ఉంటుంది కాబట్టి కాస్త నయం. బ్లూ-రేలో అడుగు నుంచి 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది. దాన్ని శుభ్రం చేస్తాను కానీ మిషన్‌లో పెట్టను.

మామయ్య మాట కంటే నన్ను ఎక్కువ తొలిచే విషయం ఇంకొకటి ఉంది. మా లైబ్రరీలో గీత ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. మర్యాద కొద్దీ అనుకున్నాను మొదట్లో. కాదు, అడగడానికి వీల్లేదు. డిస్కు తిరిగివ్వగానే తీసుకెళ్లిన వాళ్ల పేరు రికార్డు నుంచి తొలగిపోతుంది. ఎవరేం చదివారో, ఏం చూశారో ఇతరులకు అనవసరమని చాలా లైబ్రరీల్లో పాటించే పద్ధతి ఇది. మెచ్చుకోవాల్సిందే, మెచ్చుకుంటూనే ఉన్నాను.

కానీ మా అరండల్‌పేట అద్దె సీడీల షాపాయన సంగతి చెబితే, ఆయనది అనుమానమని లైబ్రరీ వాళ్లు నవ్వినప్పుడు ఒళ్లు మండింది. ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ ఆయన డిస్కును ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టి చూసేవాడు. మూడు డిస్కుల సినిమాలో మూడోది సరిగ్గా క్లైమాక్స్ దగ్గర పట్టేస్తే ముందు తీసుకెళ్లిన వాళ్ల పనే అని మేము, కాదు మీ పనే అని ఆయన. అడ్వాన్సులో కోత, అరుపులు, మళ్లీ శనివారం ఆయన దగ్గరికే. టూత్‌పేస్టు పూసి చొక్కా అంచుతో గుండ్రంగా తుడిచేవాడు. ఆ వైద్యం సగం నిజమే, పేస్టులోనూ అరగదీసే పొడి ఉంటుంది. గుండ్రంగా తుడవడమే తప్పు. సమాచారం అటువైపే చుట్టలు తిరిగి ఉంటుంది, దాని వెంట పడ్డ గీతను ప్లేయర్ సరిదిద్దుకోలేదు. అడ్డంగా పడ్డ గీతనైతే చాలావరకు దాటేస్తుంది. అందుకే మధ్య నుంచి అంచుకు తుడవాలి.

ఆయనది అనుమానమట! ఆ డిస్కులే ఆయన పెట్టుబడి. లైబ్రరీకి ఊరివాళ్ల పన్నులున్నాయి, ఆయనకు ఎవరున్నారు? పైగా ఏ ఇంట్లో చంటిపిల్లలున్నారో ఆయనకు తెలుసు, వాళ్లకు పాత డిస్కే ఇచ్చేవాడు. నాకు ఆ వీలు లేదు. ఒకే కార్టూన్ డిస్కు అవే చుట్టు గీతలతో మళ్లీ మళ్లీ వస్తుంది. సానపట్టిన ప్రతిసారీ ప్లాస్టిక్ పలచబడుతుంది, చివరికి లేజర్ చూపు నిలవదు. ఆ ఇల్లేదో తెలిస్తే ఒక్క మాట చెప్పి వచ్చేదాన్ని.

గుండ్రంగా తుడవొద్దని ఆ డిస్కు పెట్టెలో చీటీ పెడతానని మా పైఅధికారిని అడిగాను. ఒప్పుకుంది, కానీ అన్ని పెట్టెల్లోనూ పెట్టాలట, ఒకరిని వేలెత్తి చూపినట్టు ఉండకూడదట. ఒక్క ఇంటికి చెప్పాల్సిన మాటను ఊరందరికీ అచ్చువేసి పంచుతున్నాను.