హెకాటే ముసలి దేవత ఎప్పుడయింది?

ఈనాటి విచ్‌క్రాఫ్ట్ సాధకులు కొలిచే ప్రాచీన దేవతలలో హెకాటే పేరు అందరికంటే ముందు వినిపిస్తుంది. కన్య, తల్లి, వృద్ధ అనే మూడు దశల దేవతలో ఆమెది వృద్ధ రూపమని, మంత్రగత్తెలకు ఆమె అధిదేవత అని, ఈ భావన గ్రీకుల కాలం నుంచి చెక్కుచెదరకుండా వస్తున్నదని చాలా పరిచయ వ్యాసాలు చెబుతాయి. అయితే మనకు దక్కిన గ్రీకు శిల్పాలలో, కుండలపై గీసిన చిత్రాలలో ఆమె రెండు చేతులా దివిటీలు పట్టుకున్న యువతి. ముడతలు పడిన ముఖం ఆమెకు చాలా ఆలస్యంగా, అదీ గ్రీసుకు చాలా దూరంలో వచ్చింది.

క్రీ.పూ. 700 ప్రాంతంలో గ్రీకు కవి హెసియడ్ తన 'థియోగనీ' కావ్యంలో ఆమెకు నలభై పంక్తులకు పైగా కేటాయించాడు. భూమిలో, సముద్రంలో, ఆకాశంలో ఆమెకు వాటా ఉందని, దేవతల రాజు జూస్ ఆమెను మిగతా దేవతలందరికంటే మిన్నగా గౌరవించాడని, జాలరులకు చేపలను, పశుపాలకులకు మందలను, పోటీలలో దిగిన యువకులకు విజయాన్ని ఇచ్చేదీ, మనసు మారితే తీసుకునేదీ ఆమేనని అతడు వర్ణించాడు. పసిబిడ్డల పెంపకం కూడా ఆమె బాధ్యతల్లో ఒకటి. ఇంత వర్ణనలో మంత్రవిద్య ప్రస్తావన ఒక్కటి కూడా లేకపోవడం గమనించదగ్గ విషయం. పంటల దేవత డిమీటర్‌ను స్తుతించే హోమరిక్ స్తోత్రంలోనూ ఆమె తన గుహలో ఉండి, అపహరణకు గురైన డిమీటర్ కూతురు పెర్సెఫొనీ ఆర్తనాదం విని, దివిటీతో ఆ తల్లికి ఎదురొచ్చిన దేవత మాత్రమే.

ఆమెకు ఎక్కువ వైభవం దక్కిన చోటు నేటి తుర్కియేలోని ముగ్లా రాష్ట్రంలో ఉన్న లగీనా. ప్రాచీన కారియా ప్రాంతానికి చెందిన ఈ క్షేత్రం సమీపంలోని స్ట్రాటోనికేయా నగరానికి ప్రధాన దేవాలయంగా ఉండేది. ఏటా ఒక బాలిక దేవత తాళంచెవిని మోస్తుండగా ఇక్కడ ఊరేగింపు జరిగేదని శాసనాలు చెబుతున్నాయి. రోమన్ సెనేట్ క్రీ.పూ. 81లో స్ట్రాటోనికేయాకు ఇచ్చిన గౌరవాలలో శరణు కోరి వచ్చినవారికి రక్షణనిచ్చే హక్కును ఈ ఆలయానికి గుర్తించడం కూడా ఒకటి. ఒట్టొమన్ పురాతత్త్వవేత్త ఉస్మాన్ హమ్దీ బే 1890ల తొలి ఏళ్లలో తవ్వించి తీసిన ఈ ఆలయపు శిల్పఫలకాలు ఇప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. రాత్రి, శ్మశానం, విషమూలికలు అనే మూడు మాటలకే ఈ దేవతను కుదించేవారు మొదట చూడవలసింది లగీనానే అని నా అభిప్రాయం. ఇక్కడి హెకాటే ఒక నగరం నమ్ముకున్న, రోమ్ సైతం గుర్తించిన పెద్ద దేవత.

మూడు రూపాల సంగతి వేరు. ఒకదానికొకటి వీపు ఆనించి నిలిచిన మూడు విగ్రహాలుగా ఆమెను మొదట మలచినవాడు శిల్పి ఆల్కమెనీస్ అని ప్రాచీన గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. ఆ విగ్రహం ఏథెన్స్ అక్రోపోలిస్ మీద, రెక్కలు లేని విజయదేవత గుడి పక్కన ఉండేది. ఈ మూడు శరీరాలకూ వయసు ఒక్కటే. మూడు దారులు కలిసే చోట ఏ వైపు నుంచి వచ్చేవారినైనా చూడగలిగేలా నిలబెట్టిన రూపం అది, జీవితంలోని మూడు దశలకు సంకేతం కాదు. ఏథెన్స్‌లో ఇంటి గుమ్మాల ముందు కూడా ఆమె చిన్న గుళ్లు ఉండేవి. గడపలను, కూడళ్లను, పొలిమేరలను కాచే దేవత కనుకనే, అటు నుంచి లోపలికి రాకూడని ప్రేతాలపైనా ఆమెకు అధికారం ఉంటుందన్న నమ్మకం పుట్టింది. మంత్రవిద్యతో ఆమె సంబంధానికి మూలం ఇక్కడే వెతకాలి. క్రీ.పూ. 431లో ప్రదర్శితమైన యూరిపిడీస్ నాటకం, మంత్రగత్తె కథ అయిన 'మిడియా' నాటికి ఆ సంబంధం స్థిరపడిపోయింది.

ఇంటిని శుద్ధి చేయగా మిగిలినదాన్ని గ్రీకులు కూడలికి తీసుకెళ్లి వదిలేవారు. అలాంటి వాటిని ముఖం పక్కకు తిప్పుకొని విసిరి, వెనక్కి చూడకుండా వచ్చేసేవారని ఈస్కిలస్ నాటకం బట్టి తెలుస్తుంది. నాలుగు దారుల దగ్గర దిష్టి తీసిన నిమ్మకాయను, ఎర్రనీళ్లను దాటకుండా తప్పుకొని నడిచే మనకు ఇది వింతగా అనిపించదు. ఈ పోలికను బట్టి రెండు ఆచారాలకూ ఒకటే మూలమని తేల్చేయడం మాత్రం తొందరపాటు అవుతుంది.

రోమన్ కవులు ఆమెను తమ వేట దేవత డయానాతో, చంద్రునితో కలిపేశారు. వర్జిల్ ఆమెను మూడు రూపాల హెకాటే అంటూనే, ఆ మూడూ కన్య డయానా ముఖాలని చెప్పాడు. 4వ శతాబ్దం చివర చక్రవర్తి థియొడోసియస్ బలులను, ఆలయ పూజలను నిషేధించాక బహిరంగ ఆరాధన అణగిపోయింది. ఆపై ఎన్నో శతాబ్దాల పాటు హెకాటే ప్రధానంగా సాహిత్యంలోనే మిగిలింది. షేక్స్‌పియర్ 'మాక్‌బెత్'లో ఆమె మంత్రగత్తెలను మందలించే యజమానురాలు. ఆ సన్నివేశాలు తర్వాత మరొకరు చేర్చినవని పండితులు చాలామంది భావిస్తారు.

వృద్ధ రూపం స్థిరపడింది 20వ శతాబ్దంలోనే. ఆంగ్ల కవి రాబర్ట్ గ్రేవ్స్ 1948లో ప్రచురించిన 'ది వైట్ గాడెస్'లో మూడు దశల దేవతను ప్రతిపాదించాడు. 1955 నాటి తన గ్రీకు పురాణాల సంకలనంలో కన్యగా కోరేను, యువతిగా పెర్సెఫొనీని, వృద్ధగా హెకాటేను నిర్ణయించాడు. ఈలోగా, బ్రిటన్‌లో మంత్రవిద్యకు సంబంధించిన 1735 నాటి చట్టం 1951లో రద్దయింది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ తన పుస్తకంతో విక్కా అనే ఆధునిక మంత్రగత్తెల మతాన్ని లోకానికి పరిచయం చేశాడు. క్రైస్తవానికి ముందున్న మతం మంత్రగత్తెల రూపంలో రహస్యంగా బతికిందన్న మార్గరెట్ మర్రే సిద్ధాంతం ఆయనకు ఆధారం. ఆ సిద్ధాంతాన్ని చరిత్రకారులు ఆ తర్వాత తోసిపుచ్చారు. గ్రేవ్స్ ఊహ మాత్రం విక్కాలో వేళ్లూనుకుంది. వార్ధక్యాన్ని అవమానంగా కాక జ్ఞానంగా చూడాలనుకున్న స్త్రీవాద సాధకులకు అది ఎంతో ఊరటనిచ్చింది. ఆ అవసరం నిజమైనదే, ఆ గౌరవమూ నిజమైనదే. దానికి రెండున్నర వేల ఏళ్ల వయసు అంటగట్టనవసరం లేదు. ఆగస్టు 13ను హెకాటే పండుగగా జరుపుకోవడం కూడా ఇలాంటిదే. రోమన్ల పంచాంగంలో అది డయానా పండుగ రోజు.

ఇదంతా చూసి, ఆధునిక సాధకులు దొరికినవన్నీ కలిపేస్తున్నారని ఈసడించేవారితో కూడా నేను ఏకీభవించలేను. ఈజిప్టులో దొరికిన గ్రీకు మాంత్రిక పపైరస్ పత్రాలే అందుకు జవాబు. వాటిలో పెద్దది, పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న 4వ శతాబ్దపు ప్రతి, 3274 పంక్తులది. ఆ పత్రాలలో హెకాటే, వేట దేవత ఆర్టెమిస్, పెర్సెఫొనీ, చంద్రదేవత సెలీనీ ఒకే దేవతగా కలిసిపోతారు. పాతాళాన్ని ఏలే మెసపొటేమియా దేవత ఎరెష్కిగల్ పేరు కూడా హెకాటేకు జతపడుతుంది. 1986లో హాన్స్ డీటర్ బెట్జ్ సంపాదకత్వంలో వీటి ఆంగ్లానువాదం వెలువడిన తర్వాత ఈ మంత్రాలు సామాన్య సాధకులకూ అందుబాటులోకి వచ్చాయి. కలగలుపు అన్నది కొత్త దోషం కాదు, అది ఆ పత్రాలు రాసినవారి పద్ధతే.

పాత ఆచారానికి నిజంగా దగ్గరగా పునరుద్ధరించినది హెకాటే భోజనమని నాకనిపిస్తుంది. చాంద్రమాసం చివరి రాత్రి ఇంటిని శుభ్రం చేసి, కూడలిలో ఆమె పేరిట ఆహారం పెట్టడం ఏథెన్స్ ఆచారం. గ్రీకు దేవతారాధనను అనుసరించే నేటి సమూహాలు దీన్ని నెలనెలా పాటిస్తున్నాయి. నగరాలలో కూడలి మీద అన్నం వదలడం కుదరక, ఆ రోజు సరుకులను పేదలకు ఆహారం పంచే కేంద్రాలకు ఇచ్చేవారు కూడా వారిలో ఉన్నారు. ఇది ఆచారాన్ని పలచన చేయడమేనని కొందరు ఆక్షేపిస్తారు. కానీ క్రీ.పూ. 388 నాటి 'ప్లూటస్' నాటకంలోనే అరిస్టోఫనీస్ దీని మీద ఒక చురక వేశాడు. ధనవంతులు నెలనెలా హెకాటేకు భోజనం పంపితే, దాన్ని కింద పెట్టకముందే పేదలు లాక్కుపోయేవారట.