పక్క గీతలను మూసి చూపించండి

నా పుస్తకాలన్నిటికీ ఒక జాబితా రాసుకుందామని పాత బార్‌కోడ్ స్కానర్ ఒకటి సంపాదించాను. వెనక అట్టకు గురిపెట్టి మీట నొక్కగానే 978తో మొదలయ్యే 13 అంకెలు తెర మీదకు వచ్చేశాయి. రెండో పుస్తకం చూపిస్తే ఆ అంకెలూ అదే గడిలో, మొదటివాటికి అతుక్కుని పడ్డాయి.

కంప్యూటర్ లెక్కలో ఈ స్కానర్ ఒక కీబోర్డు. అంకెలు కొట్టాక ఎంటర్ కూడా నొక్కమని దానికి మనమే చెప్పాలి. చెప్పడానికీ గీతలే దారి. సెట్టింగులన్నీ బార్‌కోడ్‌లుగా అచ్చువేసిన పుస్తకం ఒకటి ఉంటుంది. కోడ్ 128 అనే బార్‌కోడ్ పద్ధతిలో ఇందుకోసమే ఎఫ్‌ఎన్‌సీ3 అనే సంకేతం పెట్టారు. అది కనబడితే స్కానర్ ఆ గీతలను కంప్యూటర్‌కు పంపదు, తనకిచ్చిన ఆదేశంగా తీసుకుంటుంది. చూడటం తప్ప మరేమీ తెలియని పరికరానికి చూపుతోనే మాట చెప్పవచ్చని ఎవరికి తట్టిందో కానీ, నాకు ఎంతో ముచ్చటేసింది.

ఎంటర్ కోడ్‌కు గురిపెట్టాను. ‘బీప్’ మంది. తర్వాత చూపించిన పుస్తకానికి 978 బదులు (&* వచ్చింది! కేబుల్ మార్చాను, ఇంకో కంప్యూటర్‌కు తగిలించాను. అక్కడా అవే గుర్తులు. సెట్టింగు ఉండేది స్కానర్ జ్ఞాపకంలోనే కదా, కంప్యూటర్ మారిస్తే ఏం లాభం? ఆ గుర్తులను కీబోర్డు మీద వెతికితే అసలు సంగతి తెలిసింది. అవి 9, 7, 8 మీటల మీదే ఉన్నాయి. అంటే ప్రతి అంకెకూ షిఫ్ట్ పడుతోంది. ఫ్రెంచి కీబోర్డులో పై వరుస అంకెలు రావాలంటే షిఫ్ట్ నొక్కాలి. స్కానర్ ఎర్రటి కాంతి, ఎంటర్ కోడ్ పక్కనే ఉన్న ఫ్రెంచి కీబోర్డు కోడ్ మీద పడిందన్నమాట.

ఈసారి రెండు అట్టముక్కలతో చుట్టుపక్కల కోడ్‌లన్నీ మూసి, ముందు ఫ్యాక్టరీ సెట్టింగుల కోడ్, తర్వాత ఎంటర్ కోడ్ చూపించాను. కుదిరింది. కొన్ని మోడళ్లకు మొదట ‘సెట్టింగు ప్రారంభం’, చివర ‘ముగింపు’ కోడ్‌లు కూడా చూపించాలి. ఒక మోడల్ కోడ్‌లు మరోదానికి పనికిరావచ్చు, రాకపోవచ్చు. కాబట్టి మీ మోడల్ పుస్తకమే తెచ్చుకోండి. ముద్రించుకుంటే అసలు సైజులోనే ముద్రించండి. కుదించిన కాగితం మీద సన్న గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లేజర్ స్కానర్ అయితే తెర మీది కోడ్‌లను సాధారణంగా చదవలేదు, కాగితం ఉండాల్సిందే.

నేను వాడిన రెండు కోడ్‌లనూ కత్తిరించి, జాబితా నోటుపుస్తకంలో చెరో పేజీలో అంటించుకున్నాను.